వేడికి స్పందించే హైడ్రోజెల్ ఏది ఎంచుకోవాలి? తిరుపతి ఎండను లెక్కలో వేసుకుని చెబుతున్న మాట

మే నెలలో ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో ఏసీ ఆగిపోయింది. ఆ రోజు నేను కలిపిన జెల్ గాజులా తేటగా రావాల్సింది. పెరుగులా తెల్లగా పేరుకుంది. వేలితో నొక్కితే నీళ్లు కారి విరిగిపోయింది. మోనోమర్ (గొలుసు కట్టే చిన్న అణువు) పాతదేమో, క్రాస్‌లింకర్ (గొలుసులను ముడివేసేది) ఎక్కువైందేమో అని మూడు రోజులు ఒకటే టెన్షన్. నాలుగో రోజు బల్ల మీద థర్మామీటర్ పెట్టి చూస్తే 36 డిగ్రీలు. నేను అనుసరించిన పద్ధతిలో "గది ఉష్ణోగ్రత దగ్గర ఉంచండి" అని మాత్రమే ఉంది. అది రాసినవాళ్ల గది 22 డిగ్రీలో, 25 డిగ్రీలో ఉండి ఉంటుంది. నేను చేయబోయిన పాలిమరేమో, అంటే మోనోమర్లు అతుక్కుని ఏర్పడే పొడవాటి గొలుసేమో, 32 డిగ్రీల దగ్గరే నీళ్లను వదిలేసి ముడుచుకునే రకం. పుట్టీ పుట్టకముందే ముడుచుకుపోయే వేడిలో దాన్ని తయారు చేయబోయానన్న మాట.

అప్పటి నుంచి ఎమ్మెస్సీ, ఎంఫార్మసీ పిల్లలు వచ్చి "ఏ జెల్ మీద ప్రాజెక్ట్ చేయమంటారు సార్" అని అడిగితే ముందుగా పాలిమర్ పేరు చెప్పను. మూడు సంగతులు అడుగుతాను. జెల్‌ను ఎంత వేడిలో దాచిపెడతారు? ఎంత వేడి దగ్గర అది మారాలి? ఒక్కసారి మారితే చాలా, లేక పదేపదే మారి మళ్లీ మొదటి స్థితికి రావాలా? మొదటి ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. మన ఊళ్లో నిజానికి అదే పెద్ద ప్రశ్న. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరు ఇది. డిసెంబరులో పని చేసిన జెల్ ఏప్రిల్‌లో సీసాలోనే మారిపోయి కూర్చుంటుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి

సబ్జా గింజలు నానబెడితే చుట్టూ పట్టే జిగురు పొర ఒక హైడ్రోజెల్. పొడవాటి అణువులు వలలా అల్లుకుని నీళ్లను పట్టుకుని ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన కాళ్ల పులుసు తెల్లారేసరికి బిగుసుకుని, పొయ్యి మీద పెట్టగానే కరుగుతుంది. అది జెలటిన్ గుణం. చల్లబడితే గట్టిపడుతుంది, వేడెక్కితే పల్చబడుతుంది. మనం మాట్లాడుకునే పాలిమర్లలో ఎక్కువ భాగం దీనికి ఎదురు నడుస్తాయి. చల్లగా ఉంటే నీళ్లలో కలిసిపోతాయి, వేడి తగిలితే గట్టిపడతాయి లేదా ముడుచుకుంటాయి. రాగి సంగటి కూడా వేడికి గట్టిపడుతుంది కదా అనొచ్చు. కానీ సంగటి చల్లారాక మళ్లీ పిండి నీళ్లుగా మారదు. ఇవి మారతాయి.

దీనికి కారణం నీళ్లే. చల్లగా ఉన్నప్పుడు నీటి అణువులు పాలిమర్ గొలుసు చుట్టూ ఒక క్రమంలో చేరి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ క్రమంలో నిలబడటం వాటికి కష్టమవుతుంది. ఒక హద్దు దాటగానే విడిపోతాయి. అప్పుడు గొలుసులో నీళ్లంటే గిట్టని భాగాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ హద్దునే ల్యాబుల్లో ఎల్‌సీఎస్‌టీ అంటారు. ఇక్కడ మలుపు ఉష్ణోగ్రత అని పిలుద్దాం.

ఈ మలుపు రెండు రకాలుగా పనికొస్తుంది. గొలుసులను క్రాస్‌లింకర్‌తో శాశ్వతంగా ముడివేస్తే, వేడికి ముద్ద మొత్తం కుంచించుకుని నీళ్లను బయటికి పంపుతుంది. దీన్ని ముడుచుకునే జెల్ అందాం. ముళ్లు వేయకపోతే, చల్లగా ద్రవంలా ఉన్నది వేడికి చిక్కబడి నిలబడుతుంది. ఇది పేరుకునే ద్రావణం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి పోల్చడం వల్లే ఎంపికలు చెడిపోతున్నాయి. సూదితో ఎక్కించాల్సిన మందుకు ముడుచుకునే జెల్ పనికిరాదు. వందసార్లు తెరుచుకుని మూసుకోవాల్సిన కవాటానికి పేరుకునే ద్రావణం పనికిరాదు.

పీనైపామ్: అందరూ మొదలుపెట్టేది ఇక్కడే

పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ అనే పూర్తి పేరును ల్యాబుల్లో ఎవరూ పలకరు, పీనైపామ్ అంటారు. నీళ్లలో దీని మలుపు గురించి 1968లో హెస్కిన్స్, గిల్లెట్ వివరంగా రాశారు. దీని జెల్ ఒక్కసారిగా ముడుచుకోవడాన్ని 1984లో హిరొకావా, తనాకా చూపించారు. మలుపు 32 డిగ్రీల దగ్గర, అదీ చాలా పదునుగా వస్తుంది. రెండు మూడు డిగ్రీల తేడాలోనే ముద్ద తన ఘనపరిమాణంలో దాదాపు 90 శాతం పోగొట్టుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు అది ఇంద్రజాలంలా ఉంటుంది. నేనైతే ఒక చిన్న సీసాలో దాని ద్రావణం పోసి జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ని. ఒంటి వేడికి పాలలా తెల్లబడేది. డిసెంబరులో కొండెక్కే బస్సు కిటికీ దగ్గర పట్టుకుంటే తిరుమల చేరేలోపే తేటబడేది.

దీని బలం ఏమిటంటే, మలుపు ఉష్ణోగ్రత గొలుసు పొడవు మీద పెద్దగా ఆధారపడదు. ఒకసారి గొలుసులు కాస్త పొట్టిగా, ఇంకోసారి పొడవుగా వచ్చినా 32 దగ్గరే ఉంటుంది. కొత్తగా చేసేవాళ్లకు ఇది పెద్ద ఊరట. పైగా దీని మీద వచ్చినంత పరిశోధన ఈ కుటుంబంలో ఇంక దేని మీదా రాలేదు. ఎక్కడ ఇరుక్కున్నా ఎవరో ఒకరు ముందే ఇరుక్కుని ఉంటారు.

మలుపును జరపడమూ సులువే. నీళ్లంటే ఇష్టపడే మోనోమర్, అంటే అక్రిలమైడ్, డైమిథైల్ అక్రిలమైడ్, అక్రిలిక్ ఆమ్లం లాంటివి, కొంచెం కలిపితే పైకి వెళ్తుంది. నీళ్లంటే గిట్టని బ్యుటైల్ మెథాక్రిలేట్ లాంటిది కలిపితే కిందికి దిగుతుంది. కానీ ఇక్కడ ఒక బేరం ఉంది. నీళ్లంటే ఇష్టపడే మోనోమర్ ఎక్కువయ్యేకొద్దీ మలుపు పైకి వెళ్లడమే గాక పదును కూడా పోతుంది. రెండు డిగ్రీల్లో జరగాల్సింది పది డిగ్రీలకు సాగుతుంది. ఇంకా వేస్తే అసలు ముడుచుకోవడమే మానేస్తుంది. అక్రిలిక్ ఆమ్లంతో ఇంకో చిక్కు: పీహెచ్ మారినప్పుడల్లా మలుపు కూడా మారుతుంది. ఆ రెండో స్పందన మీకు కావాల్సిందైతే సరే. కాకపోతే దాని జోలికి వెళ్లకుండా డైమిథైల్ అక్రిలమైడ్‌తోనే సర్దుకోండి.

దోషాలు కూడా చెప్పాలి. మోనోమర్ విషం. గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు. జెల్ తయారయ్యాక మిగిలిపోయిన మోనోమర్ కడిగేయడానికి నాలుగైదు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. ఒంటి లోపల ఇది కరిగిపోదు. ఇంకొకటి, వేడెక్కేటప్పుడు మారిన ఉష్ణోగ్రతకూ చల్లబడేటప్పుడు తిరిగొచ్చే ఉష్ణోగ్రతకూ కొంచెం తేడా ఉంటుంది. ముడుచుకున్న స్థితిలో గొలుసులు తమలో తాము హైడ్రోజన్ బంధాలు కట్టుకోవడమే దానికి కారణం.

తిరుపతిలో చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. గొలుసు కట్టే చర్యను మొదలుపెట్టే అమ్మోనియం పర్సల్ఫేట్, దాన్ని వేగం చేసే టెమెడ్ కలిపాక చర్య తనంతట తానే వేడి పుట్టిస్తుంది. గది 28 డిగ్రీలున్నా బీకర్ మధ్యలో 32 దాటిపోతుంది. అందుకే ఐస్ బాత్ తప్పనిసరి. పెద్ద బీకర్‌లో పోయకుండా సన్నని గాజు పలకల మధ్య పోయండి, వేడి బయటికి పోవడానికి దారి దొరుకుతుంది. నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తరిమేయడం మరచిపోతే జెల్ ఆలస్యంగా, అతుకుల బొంతలా కడుతుంది.

ఇథిలీన్ గ్లైకాల్ మెథాక్రిలేట్లు: నా మనసు ఇటే మొగ్గుతుంది

ఇవి రెండు మోనోమర్ల జంట. ఒకదానికి పొట్టి గ్లైకాల్ తోక, ఇంకోదానికి పొడవాటి తోక. పొట్టిదాని పాలిమర్ ఒక్కటే అయితే 26, 28 డిగ్రీల మధ్య మారుతుంది. పొడవైనది, ఎనిమిది తొమ్మిది గ్లైకాల్ ముక్కలున్న రకమైతే, 90 దగ్గర మారుతుంది. రెండింటినీ ఏ పాళ్లలో కలిపితే మలుపు ఆ పాళ్లకు తగ్గట్టు మధ్యలో ఎక్కడో వచ్చి కూర్చుంటుంది. 2006లో ఝాన్-ఫ్రాన్స్వా లుట్జ్ బృందం దీన్ని పీనైపామ్‌తో పక్కపక్కన పెట్టి పోల్చింది. పొడవు తోక మోనోమర్ 5 శాతం ఉంటే 32, 8 శాతం ఉంటే 37, 10 శాతం ఉంటే 39 డిగ్రీలు వచ్చాయి. ఆ అంకెలు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పీనైపామ్‌లో మలుపు పైకి జరిపితే పదును పోతుంది. ఇక్కడ రెండూ ఒకే కుటుంబం మోనోమర్లు, దాదాపు ఒకే వేగంతో చర్యలో పాల్గొంటాయి. అందుకే గొలుసు పొడవునా సమంగా సర్దుకుంటాయి, పదును నిలుస్తుంది. వేడెక్కేటప్పటి దారి, చల్లబడేటప్పటి దారి దాదాపు ఒకటే.

మన గదుల్లో పనిచేసేవాళ్లకు ఇది వరం. మలుపును 39కో 42కో పెట్టుకుంటే మామూలు వేసవి గదిలో జెల్ ఉబ్బిన స్థితిలోనే ఉంటుంది, మీరు వాటర్ బాత్‌లో పెట్టినప్పుడే మారుతుంది.

అయితే మోనోమర్ సీసాలో రెండు చివర్లా చర్యలో పాల్గొనే మెథాక్రిలేట్ కొంచెం మలినంగా కలిసి ఉంటుంది. అది మీరు వేయకుండానే క్రాస్‌లింకర్ పని చేస్తుంది. సీసా మారితే జెల్ గట్టిదనం మారడానికి తరచుగా కారణం ఇదే. ఒక ప్రాజెక్ట్ మొత్తానికీ ఒకే బ్యాచ్ సీసా వాడండి. నిల్వలో తనంతట తాను గొలుసు కట్టకుండా కలిపిన ఇన్హిబిటర్‌ను బేసిక్ అల్యూమినా కాలమ్ గుండా పంపి తీసేయండి. పొట్టి తోక మోనోమర్ నీళ్లలో అంత బాగా కలవదు కాబట్టి కొంత ఇథనాల్ పడుతుంది, ఆ ఇథనాల్‌ను తర్వాత పూర్తిగా కడిగేయాలి. ఇవన్నీ చేయగలిగితే, చర్మానికి దగ్గరగా వాడే దేనికైనా పీనైపామ్ కన్నా దీన్నే ముందు పెడతాను.

పీవీసీఎల్, అంటే పాలీ ఎన్-వినైల్ కాప్రొలాక్టమ్, గురించి క్లుప్తంగా చెబుతాను. ఇదీ 30ల్లోనే మారుతుంది. ఆమ్లంలో విడిపోయినా పీనైపామ్‌లా చిన్న అమీన్ అణువును వదలదు, అందువల్ల వైద్య ఉపయోగాలకు చాలామంది దీన్ని ఇష్టపడతారు. కానీ దీని మలుపు గొలుసు పొడవుతోనూ, గాఢతతోనూ జరుగుతుంది. గొలుసు పొడవును అదుపు చేసే పద్ధతి మీ చేతిలో లేకపోతే ప్రతి బ్యాచ్‌కూ ఒక మలుపు వస్తుంది. మొదటి ప్రాజెక్ట్‌కు వద్దు.

పేరుకునే ద్రావణాలు

ప్లురోనిక్ ఎఫ్127 అనే పాలిమర్ ఫార్మసీ కాలేజీల్లో బాగా కనిపిస్తుంది. చర్యలు చేయక్కర్లేదు, కొన్న పొడిని నీళ్లలో కరిగిస్తే చాలు. అదీ చన్నీళ్లలోనే కరిగించాలి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే తేటగా కరుగుతుంది. ఒక విద్యార్థి త్వరగా కరుగుతుందని వేడినీళ్లు పోశాడు. మైసెల్స్ (గొలుసులు గుంపు కట్టిన చిన్న ఉండలు) కట్టి ముద్దలు ముద్దలుగా తేలింది. మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి సర్దుకుంది. అందులో మందు కలపలేదు కాబట్టి నష్టం రాలేదు.

దీని గుట్టంతా గాఢతలో ఉంది. 15, 16 శాతం కన్నా తక్కువైతే పేరుకోదు. 18 నుంచి 20 శాతం దగ్గర గది వేడికీ ఒంటి వేడికీ మధ్య ఎక్కడో పేరుకుంటుంది. ఇంకా పెంచితే పేరుకునే ఉష్ణోగ్రత కిందికి దిగుతుంది. 20 శాతం ద్రావణం చల్లని ఊళ్లో సిరంజిలోకి హాయిగా వస్తుంది. మన దగ్గర ఏప్రిల్‌లో ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టి, గ్లవ్స్ వేసుకుని వచ్చేలోపు సీసాలో బిగుసుకుంటుంది. ఎఫ్68 అనే దాని తమ్ముణ్ని కొంచెం కలిపితే పేరుకునే ఉష్ణోగ్రత పైకి వస్తుంది. తిరుపతిలో ఎఫ్127 ఒక్కటే వాడటం కన్నా ఈ జంట మేలు. 33, 34 దగ్గర పేరుకునేలా సర్దుకుంటే చేతిలో ద్రవంగా, ఒంట్లో జెల్‌గా ఉంటుంది. సీసా మూత వదులుగా ఉంచి నీళ్లు ఆవిరైతే గాఢత పెరిగి ఈ లెక్కంతా తారుమారవుతుంది.

స్థిరత్వం విషయంలో మాత్రం ఎఫ్127 బలహీనం. చుట్టూ నీళ్లుంటే గంటల్లోనే అంచుల నుంచి కరిగిపోవడం మొదలవుతుంది, ఒకటి రెండు రోజులకు మించి నిలవడం కష్టం. వారం రోజులు మందు వదలాలనుకునేవాళ్లు దీన్ని ఎంచుకుని, ఆ తర్వాత గ్రాఫ్ చూసి బాధపడటం ఎన్నోసార్లు చూశాను.

మిథైల్ సెల్యులోజ్ చౌక, తినదగినది, విషం భయం లేదు. ఫ్యూమ్ హుడ్ లేని డిగ్రీ కాలేజీల్లో నేను ముందు దీన్నే చెబుతాను. పొడిని నేరుగా చన్నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. 80 డిగ్రీల వేడినీళ్లలో చల్లి బాగా కలిపి, తర్వాత చన్నీళ్లు పోసి చల్లార్చాలి. మామూలుగా 50 డిగ్రీలు దాటాక పేరుకుంటుంది. ఉప్పులు, ముఖ్యంగా ఫాస్ఫేట్, సల్ఫేట్ కలిపితే ఆ ఉష్ణోగ్రతను ఒంటి వేడి దాకా దించవచ్చు. కానీ చల్లార్చినప్పుడు పేరుకున్న చోటే కరగదు, ఇంకా చాలా చల్లబడాలి. కాబట్టి కచ్చితమైన స్విచ్ కావాలంటే ఇది పనికిరాదు. సెల్యులోజ్ కదా, సూక్ష్మజీవులకు ఆహారం. మన ఎండకు బయట పెడితే త్వరగా పాడవుతుంది.

కైటోసాన్, గ్లిసరోఫాస్ఫేట్ అనే ఉప్పు, ఈ జంటను 2000లో షెనీత్ బృందం పరిచయం చేసింది. పల్చని ఆమ్లంలో కరిగించిన కైటోసాన్‌ను ఐస్‌లో చల్లార్చి, చల్లని గ్లిసరోఫాస్ఫేట్‌ను చుక్కచుక్కగా కలిపితే పీహెచ్ 7 దాటినా ద్రవంగానే ఉంటుంది. 37 దగ్గర నిమిషాల్లో పేరుకుంటుంది. కైటోసాన్ వచ్చేది రొయ్య పెంకు నుంచి. రొయ్యల చెరువులున్న నెల్లూరు తీరం మనకు పక్కనే, కాబట్టి పెంకు నుంచి మొదలుపెట్టి మొత్తం మేమే చేస్తామని ఉత్సాహపడే బృందాలు ఉంటాయి. ఆ ఉత్సాహం నాకు నచ్చుతుంది. కానీ పెంకు మారితే డీఅసిటైలేషన్ శాతం (గొలుసు మీది అసిటైల్ గుంపులు ఊడిన పాళ్లు) మారుతుంది, అది మారితే పేరుకునే సమయమూ మారుతుంది. పెంకు నుంచి కైటోసాన్ తీయడం, దానితో జెల్ చేయడం రెండూ ఒకే ప్రాజెక్ట్‌లో పెట్టుకుంటే దేనికీ న్యాయం జరగదు. పైగా ఇది దాదాపు ఒకవైపు దారి. ఒకసారి గట్టిగా పేరుకున్నాక చల్లార్చినా పూర్తిగా వెనక్కి రాదు. గాయంలోకి ఎక్కించి వదిలేసే పనికి అదే మంచిది.

స్థిరత్వం అంటే ఏమి చూడాలి

మొదటి ముడుచుకోవడం ఎంత అందంగా ఉందో చూసి జెల్‌ను ఎంచుకోవద్దు. ఇరవయ్యోసారి ఎలా ఉందో చూసి ఎంచుకోండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా దగ్గరికి వచ్చే రీడింగ్స్‌లో సగం మొదటి చక్రంతోనే, అంటే ఒకసారి వేడిచేసి చల్లార్చడంతోనే, ఆగిపోతాయి.

బరువు ప్రతి చక్రానికీ కొంచెం కొంచెం తగ్గుతూ రెండు మూడు చక్రాల తర్వాత నిలబడితే, కడగని మోనోమర్, ముడి పడని గొలుసులు బయటికి పోతున్నాయని అర్థం. ఇంకా కడగాలి. తగ్గడం ఆగకపోతే వల తెగిపోతోంది లేదా కరుగుతోంది. బరువు సరిగా ఉండి మలుపు ఉష్ణోగ్రత జరుగుతుంటే రసాయనమే మారుతోంది. మెథాక్రిలేట్ ఎస్టర్లు బాగా క్షార ద్రావణంలో విడిపోతాయి, పీనైపామ్ బలమైన ఆమ్లంలో విడిపోతుంది.

క్రాస్‌లింకర్ పెంచితే బలం పెరుగుతుందని అందరూ ముందుగా చేసే పని అదే. బిస్ అక్రిలమైడ్ అనే మామూలు క్రాస్‌లింకర్ ఎక్కువైతే జెల్ గట్టిగా కనిపిస్తుంది గానీ బిస్కెట్‌లా విరుగుతుంది, ఉబ్బే శక్తి పోతుంది. నిజంగా బలం కావాలంటే దారి వేరే ఉంది. 2002లో హరగూచి, తకెహిసా బిస్ అక్రిలమైడ్ బదులు నానో బంకమన్ను పలకలను ముడులుగా వాడి పీనైపామ్ జెల్ చేశారు. అది తన పొడవుకు పది రెట్లదాకా సాగింది. ఒక్కో మన్ను పలకకు ఎన్నో గొలుసులు అతుక్కుని ఉండటంతో లాగినప్పుడు బరువు అందరికీ పంచుకున్నట్టు అవుతుంది. ఆ మన్ను లాపొనైట్ పేరుతో దొరుకుతుంది. దాన్ని ముందు డిస్టిల్డ్ వాటర్‌లో తేటగా విడిపోయేదాకా కలపడమే కష్టమైన భాగం. పదేపదే మారాల్సిన జెల్ ఏదైనా సరే, నాకు అవకాశం ఉంటే ఇలాగే చేస్తాను.

వేగం గురించి కూడా తొందరపడి నిర్ణయానికి రావద్దు. "మీ జెల్ ముడుచుకోవడానికి ఆరు గంటలు పట్టింది" అని పాలిమర్‌ను తప్పుపట్టకముందు మందం కొలవండి. జెల్ మారడానికి పట్టే కాలం దాని మందం వర్గాన్ని (మందాన్ని మందంతో గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుందని 1979లో తనాకా, ఫిల్మోర్ చూపించారు. మందం సగం చేస్తే కాలం నాలుగో వంతవుతుంది. పది మిల్లీమీటర్ల బిళ్లకూ ఒక మిల్లీమీటర్ పొరకూ తేడా నూరు రెట్లు. పీనైపామ్‌లో ఇంకో అడ్డంకి ఉంది: ఒక్కసారిగా వేడినీళ్లలో వేస్తే పైపొర ముందే బిగుసుకుని తోలులా మారుతుంది, లోపలి నీళ్లు బయటికి రాలేవు. నెమ్మదిగా వేడి చేయడమో, తయారీలో పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపి తర్వాత కడిగేసి రంధ్రాలు తెప్పించడమో చేయాలి.

నీళ్ల సంగతి

మన ప్రాంతంలో దీని మీద ప్రత్యేకంగా ఒక పేరా రాయక తప్పదు. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని ఒకరోజు బోరు నీళ్లతో కడిగిన జెల్స్ మాకు వేరే కథ చెప్పాయి. ఉప్పు పీనైపామ్ మలుపును కిందికి లాగుతుంది. ఒంటి ద్రవాల్లో ఉండేంత ఉప్పు చాలు, ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది. సల్ఫేట్, ఫాస్ఫేట్ ఇంకా గట్టిగా లాగుతాయి. కఠిన జలంలోని కాల్షియం అక్రిలిక్ ఆమ్లం ఉన్న జెల్‌లో ఆమ్ల గుంపులను జంటలుగా పట్టేసి ఉబ్బకుండా చేస్తుంది. కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌లో తీసిన గ్రాఫ్ చూసి ఎంపిక చేసుకోకండి. చివరికి జెల్ ఏ ద్రవంలో ఉండబోతోందో, చెమటా, సెలైనా, పొలం నీళ్లా, ఆ ద్రవంలోనే మలుపును కొలవండి. నిమిషానికి ఒక డిగ్రీ కన్నా వేగంగా వేడి చేయొద్దు, మలుపు నిజం కన్నా పైన ఉన్నట్టు కనిపిస్తుంది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చే అవసరాలు, నా ఎంపిక

వేరుశనగ పొలానికి వేడికి స్పందించే జెల్ వేయాలని చిత్తూరు వైపు పిల్లలు ఎంతో ఆశతో వస్తారు. పొలం ఎండిపోవడం చూసి పెరిగినవాళ్లు కదా, ఆ తపన అర్థమవుతుంది. కానీ పీనైపామ్ వేస్తే నేల వేడెక్కిన మొదటి మధ్యాహ్నమే నీళ్లన్నీ ఒకేసారి వదిలేస్తుంది, మొక్క తాగేలోపు సగం ఆవిరైపోతుంది. ఆ పనికి ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారు చేసిన పూసా హైడ్రోజెల్ లాంటి, సెల్యులోజ్ ఆధారంగా చేసిన మామూలు నీటి జెల్స్ చాలా మేలు. ఇక్కడ తెలివైన జెల్ అవసరం లేదు.

కిటికీ అద్దాల మధ్య జెల్ పెట్టి ఎండను ఆపాలనేది నాకు చాలా ఇష్టమైన ఆలోచన. మలుపు దాటగానే జెల్ తెల్లబడి ఎండను వెనక్కి కొడుతుంది. పీనైపామ్‌తో చేస్తే 32 దగ్గర తెల్లబడుతుంది. చల్లని దేశానికి బాగుంటుంది. తిరుపతిలో మార్చి నుంచి జూన్ దాకా పొద్దున్నుంచి సాయంత్రం వరకు కిటికీ తెల్లగానే ఉండి ఇంట్లో చీకటి పడుతుంది. మనకు 38 దాటాక తెల్లబడేది కావాలి. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ 40 పైన మారుతుంది, కొంచెం ఉప్పుతో కావాల్సిన చోటికి దించవచ్చు, చౌక కూడా. ఇక్కడ స్థిరత్వమంటే రసాయనం కన్నా అంచుల సీలింగ్. నీళ్లు ఆవిరై గాలి బుడగ చేరితే కిటికీ పాడైనట్టే.

పుండు మీద వేసే మందు పొరకు, చర్మం వేడి 32, 34 మధ్య ఉంటుంది కాబట్టి, మలుపు 32 ఉన్న పీనైపామ్ అంచున ఊగిసలాడుతుంది. రోగి ఫ్యాన్ కింద కూర్చుంటే ఒక రకంగా, ఎండలో నడిస్తే ఇంకో రకంగా మందు వదులుతుంది. గ్లైకాల్ మెథాక్రిలేట్‌తో మలుపును చర్మం మామూలు వేడి కన్నా పైకి పెట్టి, జ్వరంలో ఒళ్లు వేడెక్కినప్పుడే మారేలా చేయడం నాకు సబబుగా తోస్తుంది. సూదితో ఒక్కసారి ఎక్కించి వారాల పాటు ఉంచాలంటే కైటోసాన్ జంట. కొన్ని గంటలు చాలనుకుంటే ప్లురోనిక్ జంట. జీవకణాలను పొరలా పెంచి ఎత్తి తీయాలంటే పీనైపామ్‌కు ఇప్పటికీ సాటి లేదు. జపాన్‌లో ఒకానో బృందం 1990లో చూపించింది అదే. 20 డిగ్రీలకు చల్లార్చితే కణాల పొర తనంతట తానే ఊడి వస్తుంది.

బీఎస్సీ పిల్లల ప్రదర్శనకు జెలటిన్, మిథైల్ సెల్యులోజ్ పక్కపక్కన రెండు గ్లాసుల్లో పెట్టి ఒకే వేడినీళ్ల గిన్నెలో దించండి. ఒకటి కరుగుతుంటే ఇంకోటి గట్టిపడుతుంది. ఆ ఒక్క దృశ్యం చూస్తే మిగిలినదంతా వాళ్లే అడుగుతారు. జెలటిన్ గ్లాసును మాత్రం చివరి నిమిషం దాకా ఐస్ పెట్టెలో ఉంచండి.

ఎంపిక ఏదైనా, మొదటి బ్యాచ్ కలిపే రోజు నోట్‌బుక్ పైన తేదీ పక్కనే గది ఉష్ణోగ్రత రాయండి. పని మధ్యలో ఒకసారి, అయిపోయాక ఒకసారి మళ్లీ రాయండి. వీలైతే జెల్ తయారీ నవంబరు, ఫిబ్రవరి మధ్య ముగించి, కొలతలు వేసవికి పెట్టుకోండి. మేలో కలపక తప్పకపోతే కరెంటు పోయినా నాలుగు గంటలు నిలిచేంత ఐస్ థర్మోకోల్ పెట్టెలో సిద్ధం చేసుకుని, రాత్రి తొమ్మిది దాటాక మొదలుపెట్టండి.